పన్నెండో కార్డు

"కార్డు దాటిపోనివ్వండి, దమియాగారూ," అన్నాడు కర్నల్ ఒర్దునియా. "దాన్ని తీసుకునేవాళ్ళ వెనకాల మనవాళ్ళు పోతారు. మీరు చూస్తూ కూర్చోవాలి. అంతే."

దమియా ఫర్రేకి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళ గూఢచారి సర్వీసులో ఇలాంటి బ్రీఫింగులు ఎన్ని విన్నాడో అతనికే గుర్తులేదు. విన్న ప్రతిసారీ ఎదుటివాడు ఇంకాస్త కుర్రాడిలా కనిపిస్తూ వచ్చాడు. ఈ కర్నల్‌కి నలభై కూడా నిండలేదు. బార్సిలోనా ఆఫీసు కిటికీలోంచి సెప్టెంబరు ఎండ వచ్చి సరిగ్గా అతని బూట్ల మీదే పడుతోంది.

"కార్డు మీద ఉన్నది ఒక మనిషి పేరండీ," అన్నాడు దమియా.

"తెలుసు."

"వెస్కా పేరు."

"తెలుసన్నాను కదా. ఆవిడ ఒక్కదాన్ని చూసుకుంటే రహస్యాలమ్మే ముఠా మొత్తం చేజారిపోతుంది. అనువాదకులు ఇంకొకరు దొరుకుతారు."

దమియాకి కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి, అది ఎప్పుడో అయిపోయింది.

వెస్కా ఒక తూర్పు దేశపు రాజధానిలో, మంత్రిత్వ శాఖలో అనువాదకురాలు. తొమ్మిదేళ్ళ కిందట ఒక ట్రేడ్ ఫెయిర్‌లో ఆమెని ఒప్పించి ఇటు తిప్పుకున్నది దమియాయే. చంకలో కూతుర్ని ఎత్తుకుని వచ్చి ఆమె అడిగింది ఒక్కటే: నా పేరు ఎక్కడా రాయరు కదా? రాయం అని మాటిచ్చాడు. తరవాత ఎవడో బుద్ధిమంతుడు ఫైలు పూర్తిగా ఉండాలని రాసి పెట్టాడు. మాడ్రిడ్‌లో ఒక గుమాస్తా అది చూసి అమ్మేశాడు. ఆ గుమాస్తా శుక్రవారం దొరికాడు, అంతా కక్కేశాడు. కానీ పేరు అప్పటికే మధ్యవర్తి చేతికి చేరిపోయింది. ఆదివారం మధ్యాహ్నం అది సరిహద్దు దాటుతుంది. ఇంకో రెండు రోజుల్లో వెస్కా సొంత ప్రభుత్వం చేతిలో పడుతుంది. ఆ తరవాత ఆమెని ఆఫీసు కుర్చీలోంచే లేపి తీసుకుపోతారు. ఆ దేశంలో అలా తీసుకుపోయినవాళ్ళెవరూ మళ్ళీ కనబడలేదు.

కర్నల్ ఒక చిన్న పెట్టె బల్ల మీద పెట్టాడు. అందులో వినికిడి యంత్రం ఉంది, నిజానికి అది రేడియో. కార్డు చేతులు మారే సరిహద్దు కొండకి అవతలి వైపు కాపు కాసే ఇద్దరు ఫ్రెంచి ఏజెంట్ల గొంతు అందులో వినిపిస్తుంది. వేషం కూడా సిద్ధం చేశారు: దమియా రిటైరైన బీమా ఆఫీసు ఉద్యోగి, బార్సిలోనాలో కొండలెక్కే విహార సంఘం సభ్యుడు, కాస్త చెవుడు.

"మోకాళ్ళ నొప్పులు నటించనక్కర్లేదు," అన్నాడు దమియా. "అవి నా సొంతం."

*

అసలు ఈ కేసు దొరికింది కూడా ఆ మోకాళ్ళ పుణ్యమే.

రెండేళ్ళుగా రేడియో వినే విభాగానికి మోర్స్ టకటకల్లో ఒకే మాట చిక్కుతోంది: కుల్మినాంట్. అన్నిటికన్నా ఎత్తున ఉన్నదని అర్థం. వచ్చినప్పుడల్లా ఆ ఒక్క మాటే వస్తుంది, వెంటనే ఆగిపోతుంది. కాటలన్‌వాడూ అదే అంటాడు, ఫ్రెంచివాడూ అదే అంటాడు, రొమేనియావాడూ అదే అంటాడు. రాస్తే అక్షరం తేడా ఉండదు. ఏ దేశంవాళ్ళ పనో తెలియకుండా ఉండాలనే ముఠా ఆ విశేషణాన్ని ఏరుకుంది. మాడ్రిడ్‌లో పండితులు కూర్చుని దాని మీద నాలుగు వందల పేజీల రిపోర్టు రాశారు. చివరి పేజీలో ఏమీ తేలలేదని రాశారు.

దమియా మాత్రం మోకాళ్ళ డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, అక్కడ పడి ఉన్న కొండవిహారాల మాసపత్రిక తిరగేశాడు. అందులో వాల్‌దోరా అనే చిన్న ఊరి సంఘం కార్యదర్శి, రెమెయ్ అనే ఆవిడ, తిట్లదండకం లాంటి ఉత్తరం అచ్చు వేయించింది. పిరెనే కొండల్లో పెద్ద శిఖరాల మీద ఇనప పెట్టెలుంటాయి. ఎక్కినవాళ్ళు తమ సంఘం కార్డు అందులో వేసి, అంతకుముందు వేరే సంఘంవాళ్ళు వేసిన కార్డు పట్టుకెళ్ళి, స్టాంపు అంటించి వాళ్ళకి పోస్టు చేస్తారు. చెయ్యకపోతే అడిగేవాడు లేడు. అయినా చెయ్యనివాడంటూ లేడు. అలాంటిది కాటలోనియాలోకెల్లా ఎత్తైన శిఖరం నుంచి వాల్‌దోరా కార్డులు పదకొండు తిరిగి రాలేదట.

దమియా బస్సెక్కి వాల్‌దోరా వెళ్ళాడు. రెమెయ్‌కి డెబ్బై నాలుగేళ్ళు. సంఘం గోడ నిండా తిరిగొచ్చిన కార్డులే అంటించి ఉన్నాయి. దేశం దాటి వచ్చిన వాటికి అద్దం కూడా బిగించింది.

"మేకలు నమిలిన కార్డు కూడా మాకు తిరిగొచ్చింది నాయనా," అంది. "ఈ పదకొండే రాలేదు. పదకొండూ మా పళ్ళ డాక్టరు కోదీనావి. పాపం మంచివాడు, ఒంటరిగా ఎక్కి వస్తాడు. తీసినవాడెవడో గానీ వాడు దొంగైనా ఊరుకుందును. కార్డు పోస్టు చెయ్యనివాడు కొండలెక్కేవాడు మాత్రం కాదు."

ఆవిడ విహారాల పుస్తకం తెచ్చి చూపించింది. అందరూ శిఖరం పేరు రాసే చోట కోదీనా ప్రతిసారీ 'కుల్మినాంట్' అని గీకి ఊరుకున్నాడు. పేరు రాయడానికి బద్ధకం అని ఆవిడ ముక్కు చిట్లించింది. దమియా జేబులోంచి రేడియో తేదీల చీటీ తీశాడు. పదకొండూ సరిపోయాయి: కోదీనా కార్డులో రహస్యం వేసి వస్తున్నాడు, రేడియో మాట విని అవతలివాళ్ళు దాన్ని పట్టుకుపోతున్నారు. సంతోషం వెయ్యాల్సిన చోట అతనికి ఆవలింత వచ్చింది.

*

ఆదివారం తెల్లవారుతుండగా తొమ్మిదిమంది బయలుదేరారు. ఎనిమిదిమంది వాల్‌దోరావాళ్ళు, ఒక అతిథి. కోదీనా ఎప్పుడూ ఒంటరిగా ఎక్కేవాడే. ఈసారి పైనుంచి తొందర వచ్చిపడింది, సంఘం విహారం కూడా అదే రోజు. వేరే రోజు ఎంచుకుంటే అనుమానం. అందుకని అందరితో కలిసే నడుస్తున్నాడు. యాభై ఏళ్ళవాడు, తెల్లటి మెత్తటి చేతులు, దారి పొడవునా అందరి పళ్ళ గురించీ ఆప్యాయంగా అడుగుతున్నాడు. మనిషిని చూస్తే ఇతని చేతిలో ఒక ప్రాణం ఉందని ఎవరూ అనుకోరు.

దమియా అందరికన్నా వెనకపడ్డాడు. అతనికి తోడుగా రొట్టెల బట్టీ యజమాని ఇసిద్రె నడిచాడు. తోడు అని పేరుకే. దారంతా సతాయించడమే ఆయన పని.

"బార్సిలోనా బాబుకి లిఫ్టు కావాలేమో," అన్నాడు మొదటి గంటలో. రెండో గంటలో, "బాబుగారి బూట్లు ట్రామెక్కడానికి కొన్నవి కాబోలు," అన్నాడు. మూడో గంటకి దమియాకి ఆయన మీద నిజంగానే ఇష్టం కలిగింది. ఇన్నేళ్ళలో తనతో ఏ దురాలోచనా లేకుండా మాట్లాడిన మనుషుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చెరువు దగ్గర చెవిలో యంత్రం కూత పెట్టింది. ఆ వెనకే ఒక ఫ్రెంచి కుర్రగొంతు, అవతలి లోయలో దారి కాస్తున్నామనీ, సరుకు దాటగానే వెంటపడతామనీ హుషారుగా చెప్పింది. సరుకు అట. దమియాకి చంకలో పిల్లని ఎత్తుకున్న వెస్కా గుర్తొచ్చింది. యంత్రం పీకి జేబులో పడేశాడు. కార్డు దాటనివ్వకూడదని అతను ఆ క్షణాన నిర్ణయించుకోలేదు, శుక్రవారమే నిర్ణయించుకున్నాడు. ఇప్పుడు చేసిందల్లా చెవి కాస్త తేలిక చేసుకోవడం.

దిగేచోట పోలీసు గార్డులు కోదీనా కోసం కాచుకుని ఉన్నారు. గుమాస్తా జైల్లో ఉన్నాడు. కాబట్టి వెస్కా పేరు బయటికి పోవాలంటే ఉన్న దారి ఒక్క కార్డే. ఆ ఒక్క కార్డూ శిఖరం మీద ఆగిపోతే చాలు.

*

పన్నెండు కావస్తుండగా దమియా పైకి చేరాడు. శిఖరం మీది శిలువ కింద, ఆఖరి ఎత్తులో తనని దాటి వెళ్ళిపోయిన ఇసిద్రెతో కలిపి ఎనిమిదిమందీ రొట్టె, సాసేజి ముందేసుకుని కూర్చున్నారు. కోదీనా వీపు ఇనప పెట్టెకి ఆనించి కూర్చున్నాడు. తన కార్డు అప్పటికే వేసేశాడు. మిగతావాళ్ళు ఎప్పుడు దిగుతారా అని వాచీ చూసుకుంటున్నాడు.

దమియా దగ్గర ఆయుధం లేదు, ఎత్తుగడ కూడా పెద్దదేమీ లేదు. ఉన్నది అక్కడి మర్యాద ఒక్కటే. ఒగరుస్తూ వెళ్ళి, కాస్త జరగండి డాక్టరుగారూ అని, పెట్టె తెరిచి తన కార్డు వేశాడు. లోపలున్న కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

కోదీనా మొహంలో రంగు మారింది. "అది నేనిప్పుడే వేసిందండీ. దాని కిందది తీసుకోండి."

"కింద ఇంకేం లేదండీ. ఒక్కటే ఉంది."

"అయితే నాకే ఇచ్చెయ్యండి. రెమెయ్‌కి నేనే అందిస్తాను."

నవ్వులు లేచాయి. తన కార్డు తనే వెనక్కి తీసుకున్నవాడు ఆ కొండల్లో ఇంతవరకు పుట్టలేదు. ఇసిద్రె సాసేజి నములుతూనే తగులుకున్నాడు. "ఊరుకోవయ్యా డాక్టరూ. నీ బతుక్కి ఒక్క కార్డైనా తిరిగొస్తుంది. ఆ రెమెయ్ నోరు మూతపడుతుంది, మా చెవులు బాగుపడతాయి."

కోదీనా మళ్ళీ వాచీ చూసుకున్నాడు. కార్డుకి మైనం కాగితం చుట్టి ఉంది. దమియాకి చూడగానే అర్థమైపోయింది. కుర్రతనంలో అతనూ ఇలాంటి కంటికి కనబడని సిరాతోనే రాసేవాడు. వేడి తగిలితే అక్షరాలు లేస్తాయి, తడి తగిలితే కరిగిపోతాయి. అందుకే ఆ కాగితం. జేబులో పెట్టుకుని కిందకి దిగిపోతే సరి. అంత సులువుగా అయిపోతుందా అనుకుంటూనే జేబు గుండీ విప్పాడు.

అంత సులువుగా ఎప్పుడైంది గనక.

ఫ్రెంచి వైపు రాళ్ళ మీంచి ఒక ఆడమనిషి పైకొచ్చింది. నీలం రంగు పట్టు రుమాలు, మూడువేల మీటర్ల ఎత్తున కూడా చెదరని లిప్‌స్టిక్. తిండి మధ్యలో ఉన్న మగాళ్ళంతా నోళ్ళు తుడుచుకున్నారు. దమియా మాత్రం తల వంచేసుకున్నాడు. ఆమె సొలాంజ్. పన్నెండేళ్ళుగా అవతలివాళ్ళ రహస్యాలు మోసుకొచ్చి అతనికి ఇస్తున్న మనిషి. లియోన్ స్టేషన్ కాఫీ హోటల్లో ఎన్నోసార్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఈమె అటు కూడా మోస్తుందేమోనని అనుమానం రాకపోలేదు. అనుమానించకుండా ఉండటం హాయిగా ఉండేది, ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ హాయి అయిపోయింది.

ఆమె కూడా అతన్ని చూసింది. కనురెప్ప కూడా కదపలేదు.

"అమ్మయ్య, చేరాను," అంది అందరికీ వినబడేలా, యాసతో కూడిన కాటలన్‌లో. "కుల్మినాంట్."

"కుల్మినాంట్," అంటూ కోదీనా లేచి నిలబడ్డాడు. ప్రాణం లేచొచ్చినట్టుంది. ఆ ధైర్యంతోనే అన్నాడు: మేడమ్ ఫ్రాన్సు వెళ్తున్నారు కదా, కార్డు ఆవిడకిస్తే అక్కణ్ణించి పోస్టు చేస్తారు, ఫ్రెంచి స్టాంపుతో వస్తుంది.

అంతే, వాల్‌దోరావాళ్ళకి పూనకం వచ్చినంత పనైంది. పరదేశపు స్టాంపు! రెమెయ్ దానికి అద్దం బిగిస్తుంది. పక్క ఊరి సంఘానికి ఇలాంటిది ఒక్కటి కూడా లేదు. ఇచ్చెయ్యవయ్యా, ఇందులో ఆలోచించడానికేముంది, ఆవిడకిచ్చెయ్యి అని నలుగురూ నాలుగు వైపుల నుంచి మొదలుపెట్టారు. ఏ మర్యాద అండ చూసుకుని కార్డు చేతిలోకి తీసుకున్నాడో, ఆ మర్యాదే ఇప్పుడు దాన్ని లాక్కుపోతోంది. సొలాంజ్ చెయ్యి చాపింది. కోదీనా కుడిచెయ్యి కోటు లోపలికి పోయి అక్కడే ఆగింది.

"ఒక్క నిమిషం," అన్నాడు దమియా. "కార్డు దొరికినవాడి సంతకం ఉండాలి కదా." మైనం కాగితం విప్పాడు. జేబులన్నీ తడిమాడు. పెన్సిలు మొదటి జేబులోనే ఉంది, అయినా ఆఖరి జేబుదాకా వెతికాడు. కార్డు వెనక పేరు రాశాడు, తేదీ రాశాడు, బార్సిలోనాలో లేని వీధి ఒకటి రాశాడు. ఇంక రాయడానికి ఏమీ మిగల్లేదు.

సొలాంజ్ రెండు వేళ్ళు కార్డు అంచు మీద పడ్డాయి. అప్పుడే ఇసిద్రె ఊలు మేజోడులోంచి పొర్రొ బయటికి తీసి అతని కుడిచేతిలో కుక్కాడు. పొట్ట లావుగా, ముక్కు సన్నగా ఉన్న గాజు కూజా అది, నిండా ఎర్ర ద్రాక్షసారా.

"రాయడం అయింది కదా. ముందు గొంతు తడుపుకో బాబూ, తరవాత ఇద్దువుగాని."

పొర్రొని ఎత్తిపట్టి, ధార నేరుగా నోట్లో పడేట్టు తాగాలి. పెదవికి తగలకూడదు, చొక్కా మీద చుక్క పడకూడదు. ఆ నేల మీద అది రాకపోతే మగవాడే కాదు, ఆడదీ కాదు, మనిషే కాదు. దమియా పుట్టింది ప్రియొరాత్ కొండల్లో, ద్రాక్షతోటల ఊళ్ళో. అక్కడ పిల్లలకి చెంచా పట్టడం కన్నా ముందు ఇది నేర్పుతారు. వాళ్ళ నాన్న గాడిద మీద కూర్చుని, గాడిద నడుస్తుండగా తాగేవాడు.

దమియా చెయ్యి చాచి పొర్రొ ఎత్తాడు. సన్నటి ఎర్రటి ధార నోట్లోకి తిన్నగా దిగింది. ఒక గుక్క తాగాడు. వెస్కాకి మాటిచ్చిన రోజు కూడా నోట్లో ఇలాంటి రుచే ఉందనిపించింది. ఎడమచేతిలో కార్డు అంచు మెల్లగా జారిపోతోంది. అతను మణికట్టు ఒక్క వేలెడు పక్కకి తిప్పాడు.

ధార గడ్డం మీద పడింది. మెడ మీద, చొక్కా మీద, అక్కణ్ణించి కార్డు మీద. కంగారుపడినవాడిలా పొర్రొని ఇంకా వంచేశాడు. ఎర్రనీళ్ళు అతని మోచేతి మీంచి సొలాంజ్ వేళ్ళ మీదకి కారాయి.

ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. ఏడుగురూ, పంట్లాము విడిపోయిన పెద్దమనిషిని చూసినట్టు చూసి, జాలిపడి మొహాలు తిప్పుకున్నారు. కోదీనా మాత్రం కళ్ళార్పకుండా కార్డే చూస్తున్నాడు. కోటులోంచి చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది.

"ఫరవాలేదు, తుడిస్తే పోతుంది," అంది సొలాంజ్. పట్టు రుమాలు విప్పి, నీళ్ళ సీసాతో తడిపి, కార్డు రెండు వైపులా రుద్దింది. అంచుల దాకా, మూలల దాకా, అట్ట పొరలు లేచేదాకా రుద్దింది. దమియా ఆ చేతుల వంకే చూశాడు. ఏదైనా మిగిలి ఉంటే ఆ రుద్దుడికి అది కూడా పోయింది.

*

దిగేటప్పుడు ఆమె ఫ్రాన్సు వైపు పోలేదు. మడమ బెణికిందని చెప్పి దమియాతో పాటు వెనకబడింది. మిగతావాళ్ళ మాటలు వినబడనంత దూరం అయ్యేదాకా కాళ్ళ కింది రాళ్ళే చూస్తూ నడిచింది.

"ఎవరి పేరది?" అంది చివరికి.

"తెలియకపోవడమే నీకు మంచిది."

"నీ మనిషా?"

"నేనిచ్చిన మాట."

"అటువాళ్ళు నన్నడుగుతారు, దమియా."

"చెప్పు. ఎనిమిదిమంది చూశారు. ఒక ముసలాడికి తాగడం చేతకాలేదని చెప్పు." కొండకి అవతలి వైపు చూపించాడు. "ఆ వైపు లోయలో నీకోసం ఇద్దరున్నారు."

"అనుకున్నాను." ఆమె రాయి మీద కూర్చుని బూటు లేసు కట్టుకుంది. దగ్గరగా చూస్తే లిప్‌స్టిక్ కింద పెదవులు పగిలి ఉన్నాయి. "నాకు ఎన్నేళ్ళొచ్చాయో నీకు తెలుసా? రెండు వైపులా అబద్ధాలు గుర్తుపెట్టుకోవాలి. మొన్న మా చెల్లెలి పుట్టినరోజు మర్చిపోయాను."

దమియాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి ఇచ్చి లేపాడు. ఎవరు ఎవరికి ఊతమో తెలియనట్టు దిగారు.

కింద కార్ల దగ్గర గార్డులు మర్యాదగా కోదీనా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన పేచీ పెట్టలేదు. పేచీ పెట్టింది ఇసిద్రె ఒక్కడే, సగం కట్టిన పన్ను నోట్లో ఉంది, మంగళవారం ఎవరి దగ్గరికి పోవాలని. ఆ గొడవలో సొలాంజ్ సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోయింది. దమియా ఆ బస్సు నంబరు చూడలేదు. చూడకుండా ఉండటానికి వంగి బూట్లు దులుపుకున్నాడు.

బుధవారానికల్లా ఆ తూర్పు రాజధాని నుంచి మామూలు కబురు వచ్చింది: వెస్కా ఉదయం ఆఫీసుకి వెళ్ళింది, సాయంత్రం కూతుర్ని బడి నుంచి తీసుకుని ఇంటికి నడిచింది. ఆమెకి ఏమీ తెలియదు. ఆ మాట చదివాక దమియా ఆ వారంలో మొదటిసారి నిండుగా నిద్రపోయాడు.

గురువారం కర్నల్ పిలిపించాడు. కార్డు పోయింది, కార్డు కోసం వచ్చిన మనిషి పోయింది, ఫ్రెంచివాళ్ళు లోయలో రెండు రోజులు వానలో తడిసి జలుబుతో ఇంటికెళ్ళారు.

"కావాలని చేశారు మీరు," అన్నాడు కర్నల్. "నేను బుర్గోస్‌వాణ్ణి, నాకీ కూజాల సంగతి తెలియదు. కానీ ఆఫీసులో ప్రతి కాటలన్‌నీ అడిగాను. ఆ వయసు మనిషికి చెయ్యి జారదని అందరూ ఒకటే మాట."

"సాక్షుల్నే అడగాల్సింది."

"అడిగాను." కర్నల్ విసుగ్గా ఒక కాగితం ముందుకి తోశాడు. రొట్టెల ఇసిద్రె వాంగ్మూలం. ఆయన తన సొంత చేతిరాతతో, కోపంగా, ఒత్తి ఒత్తి రాశాడు: ఇందులో కుట్ర ఏమీ లేదు దొరగారూ, ఆ పెద్దమనిషిది బార్సిలోనా, వాళ్ళ నాన్న కూడా గ్లాసుతోనే తాగి ఉంటాడు.

"ఇది నిజమేనని కింద సంతకం పెట్టండి, కేసు మూసేస్తాను," అన్నాడు కర్నల్.

ముప్ఫై ఏళ్ళలో దమియా ఎన్నో దొంగ కాగితాల మీద తడుముకోకుండా సంతకం పెట్టాడు. ఈ ఒక్కదాని మీద పెట్టడానికి మాత్రం, గాడిద మీది ఆ మనిషికి మనసులోనే దణ్ణం పెట్టుకుని, చాలాసేపు తీసుకున్నాడు.